ఏజెన్సీ: ఎవరి తరఫున?

పోయిన రంజాన్‌లో మన సొసైటీ పంచిన కరపత్రంలో "ఏజెన్సీ విద్యార్థులకు ఫీజు సాయం" అని ఒక పద్దు ఉంది. దుబాయిలో ఉద్యోగం చేసే ఒక దాత అది చదివి కార్యదర్శి గారికి ఫోన్ చేశారు. "భాయ్, డబ్బు పంపడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ మధ్యలో ఈ ఏజెన్సీ ఎందుకు? పిల్లల చేతికి మీరే ఇవ్వొచ్చు కదా" అన్నారట. ఆయన పుట్టి పెరిగిందంతా హైదరాబాదులో. ఏజెన్సీ అంటే ఆయనకు తెలిసింది వీసా పని చేసిపెట్టి కమిషన్ తీసుకునే ఆఫీసు. "ఏజెన్సీ అంటే ఆఫీసు కాదు సాబ్, మా అడవి ఊళ్లు" అని ఒప్పించేసరికి కార్యదర్శి గారికి పది నిమిషాలు పట్టింది.

కమిటీ సమావేశంలో ఈ సంగతి చెప్పుకుని అందరం నవ్వుకున్నాం. నవ్వు అయ్యాక ఒక పెద్దాయన, "ఇంతకీ అడవికి ఏజెన్సీ అని పేరెందుకు పెట్టారు సారూ?" అని నన్ను అడిగారు. వ్యాసం ఆయన కోసం మొదలుపెట్టాను. రాస్తూ పోతే మన దాతలు ఇచ్చే భూమి, డబ్బు, మన పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఈ ఒక్క మాట చుట్టూ వచ్చి చేరాయి.

ఖమ్మంలో భద్రాచలం బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి. బస్టాండు దాటక ముందే ఎరువుల దుకాణం మీద "ఏజెన్సీస్" అని బోర్డు కనిపిస్తుంది. కొంచెం ముందుకు పోతే గ్యాస్ ఏజెన్సీ, దాని పక్కన ఉమ్రా యాత్రలకు పంపే ట్రావెల్ ఏజెన్సీ. చేతిలో దినపత్రిక ఉంటే జిల్లా పేజీలో "ఏజెన్సీలో జ్వరాలు" అనో "ఏజెన్సీని వణికిస్తున్న చలి" అనో వార్త ఉంటుంది. పక్క సీటులో ఆస్పత్రి వార్డులో పనిచేసే అమ్మాయి కూర్చుంటే, "నా జీతం గవర్నమెంటు ఇవ్వదండీ, ఏజెన్సీ ఇస్తుంది" అంటుంది. ఒక్క ప్రయాణంలో ఒకే మాట ఇన్ని చోట్ల ఎదురైనా మనం తికమక పడం. కానీ తికమక పడాల్సిన చోట కూడా పడకుండా పోవడం వల్ల నష్టపోయిన కుటుంబాలు ఉన్నాయి.

ముందు అడవి సంగతి చూద్దాం.

ఏజెంటు అనే మాటకు మూలం లాటిన్ భాషలో "చేయు" అనే క్రియ. ఏజెంటు అంటే చేసేవాడు. ఇంగ్లీషులో అది క్రమంగా "ఇంకొకరి తరఫున చేసేవాడు" అనే అర్థంలో స్థిరపడింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండల్లో వరుసగా వచ్చిన తిరుగుబాట్లతో సతమతమైన కంపెనీ ప్రభుత్వం 1839లో 24వ నంబరు చట్టం చేసింది. మైదానంలోని మామూలు కోర్టుల అధికారం ఆ కొండ ప్రాంతాలకు ఉండదు. సివిల్ తగాదా అయినా, క్రిమినల్ కేసు అయినా అక్కడ జిల్లా కలెక్టరే చూస్తాడు. ఆ పని చేసేటప్పుడు ఆయన హోదా కలెక్టరు కాదు, మద్రాసు గవర్నరుకు ఏజెంటు. ఆ ఏజెంటు చేతికింద ఉన్న నేల ఏజెన్సీ అయింది.

ఊరికి పేరు చెట్టును బట్టి వస్తుంది, చెరువును బట్టి వస్తుంది, అక్కడి దేవుణ్ని బట్టో పీరును బట్టో వస్తుంది. ఇంత పెద్ద అడవికి మాత్రం, ఎక్కడో మద్రాసులో ఉన్న గవర్నరు తరఫున వచ్చి కూర్చున్న అధికారి హోదాను బట్టి పేరు వచ్చింది. అక్కడి కోయలు, కొండరెడ్లు ఆయన్ను తమ ఏజెంటుగా ఎన్నుకోలేదు. తెలుగులో అంతకుముందే మన్యం అనే చక్కని మాట ఉంది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పార్వతీపురం మన్యం అని ఒక జిల్లాకు ఆ పేరే పెట్టింది. (మన్యం వేరు, దీర్ఘంతో పలికే మాన్యం వేరు. రెండోది శిస్తు లేకుండా ఇచ్చిన భూమి. మా బడిలో పిల్లలు ఏటా ఈ రెండింటినీ కలిపేస్తారు.)

మన దగ్గర కథ కొంచెం మలుపు తిరిగింది, దానికి కారణం గోదావరి. నది ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను నిజాం 1860లో బ్రిటిష్ వారికి వదిలేశాడు. అవి కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరాయి. అలా భద్రాచలం మద్రాసు ఏజెన్సీ అయింది. కుడి ఒడ్డున ఉన్న బూర్గంపాడు, పాల్వంచ వైపంతా నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. అక్కడ గవర్నరూ లేడు, గవర్నరు ఏజెంటూ లేడు. కొమురం భీం మరణం తర్వాత, హైమెన్‌డార్ఫ్ నివేదికల తర్వాత నిజాం ప్రభుత్వం 1356 ఫసలీలో గిరిజన ప్రాంతాల నిబంధన తెచ్చినప్పుడు కూడా వాడిన మాట "నోటిఫై చేసిన గిరిజన ప్రాంతం". నదికి ఇటు ఉన్న కోయ రైతు నోటిఫైడ్ ప్రాంతం మనిషి, అటు ఉన్న అతని మేనమామ ఏజెన్సీ మనిషి. అడవి ఒకటే, పడవలో దాటితే ప్రభుత్వమూ మారేది, మాటా మారేది.

1950లో రాజ్యాంగం వచ్చి ఐదో షెడ్యూలు కింద వీటిని షెడ్యూల్డ్ ప్రాంతాలు అంది. 1953లో వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. అప్పటి నుంచి రెండు ఒడ్లూ ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. మద్రాసు వారి మాట నది దాటి ఇటువైపు ఊళ్లకు కూడా పాకింది. ఇవాళ బూర్గంపాడులో ఎవరిని అడిగినా మాది ఏజెన్సీ అనే చెబుతారు. 2014లో పోలవరం కోసం ఏడు మండలాల్లోని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. గవర్నరు ఏజెంటును పంపిన మద్రాసు ప్రెసిడెన్సీ లేదు, నిజాం రాజ్యమూ లేదు, మాట మాత్రం ఉంది. భద్రాచలంలో ఐటీడీఏ ఆఫీసు ఉంది కదా, ఆ పేరులో చివరి అక్షరం ఏజెన్సీయే. అయితే తెలుగు బోర్డు మీద "సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ" అని ఉంటుంది. అంటే అక్కడ ఏజెన్సీ అంటే సంస్థ, ఆ సంస్థ పనిచేసే చోటు కూడా ఏజెన్సీ. భూమి కేసులు వినేటప్పుడు ఆ ప్రాజెక్టు అధికారి హోదా "ప్రభుత్వానికి అదనపు ఏజెంటు". 1839 నాటి కుర్చీ ఇంకా అక్కడే ఉందన్నమాట.

ఇప్పుడు దాతలకు నేరుగా సంబంధించిన విషయానికి వస్తాను. ఇది కొంచెం నిదానంగా చదవమని మనవి.

అడవి ప్రాంతాల్లో షావుకార్లు అప్పు ఇచ్చి, వడ్డీ కింద గిరిజనుల భూములు రాయించుకోవడం బ్రిటిష్ కాలంలోనే మితిమీరింది. దాన్ని ఆపడానికి మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ భూముల బదిలీ చట్టం చేసింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి 1వ నిబంధన వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ వైపు షెడ్యూల్డ్ ప్రాంతాలకు కూడా వర్తింపజేశారు. 1970లో చేసిన సవరణతో అది చాలా గట్టిదైంది. ఏజెన్సీలో స్థిరాస్తిని ఎవరు బదిలీ చేసినా అది షెడ్యూల్డ్ తెగకు చెందిన వ్యక్తికే చేయాలి, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి చేయాలి. గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మితేనే తప్పు అని చాలామంది అనుకుంటారు. గిరిజనేతరుడు ఇంకొక గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. పైగా గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని చూపించే భారం ఆ గిరిజనేతరుడిదే. ఈ సవరణ సరైనదేనని 1988లో సుప్రీంకోర్టు తేల్చింది. 1997లో సమత కేసులో ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకు ఇవ్వడానికి లేదంది.

ఈ నిబంధనలో "బదిలీ" అనే మాటకు అర్థం అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, కౌలు, మార్పిడి, దానం అన్నీ అందులో ఉన్నాయి. దానం దగ్గరే మనకు చిక్కు వస్తుంది.

ఏజెన్సీ ఊళ్లో ఇంటి స్థలం ఉన్న మన సోదరులు ఒకరిద్దరు, "మక్తబ్ కట్టుకోండి, సొసైటీకి రాసిస్తాను" అని ముందుకు వచ్చారు. వారి మనసు గొప్పది. కానీ ఆ కాగితం చెల్లదు. కొందరు పెద్దలు, "హిబాకు రిజిస్ట్రేషన్ ఎందుకు, నోటితో ఇచ్చి స్వాధీనం చేస్తే చాలు కదా" అంటున్నారు. మైదానంలో ఆ మాట నిజమే. హిబాకు నోటిమాట, స్వీకారం, స్వాధీనం ఉంటే చాలని మన వ్యక్తిగత చట్టం ఒప్పుకుంటుంది. ఏజెన్సీలో మాత్రం ఆ నిబంధన మిగతా చట్టాల మీద పైచేయిగా నిలుస్తుంది కాబట్టి నోటి హిబా కూడా అదే వలలో పడుతుంది. తెల్ల కాగితం మీద రాసుకున్న ఒప్పందాల గతీ అంతే. భద్రాచలం పట్టణం కూడా షెడ్యూల్డ్ ప్రాంతమే. ఖమ్మం పట్టణం కాదు. మధ్యలో ఉన్న కొన్ని మండలాల్లో కొన్ని ఊళ్లు జాబితాలో ఉంటాయి, పక్క ఊళ్లు ఉండవు. అందుకని మండలం పేరు చూసి నిర్ణయించుకోకుండా, రెవెన్యూ గ్రామం పేరు జాబితాలో ఉందో లేదో తహశీల్దారు ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. వారసత్వంగా వచ్చే ఆస్తి సంగతి వేరు, దాని కోసం వకీలును కలవండి.

ఈ చట్టం మనకు ఇబ్బంది అని విసుక్కునే వారు మనలోనూ ఉన్నారు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ అంచు ఊళ్లలో పాఠం చెప్పాను. తాత పేరు మీద భూమి ఉండీ తండ్రి ఆ భూమిలోనే కూలీగా చేరిన కోయ పిల్లలు నా తరగతిలో కూర్చున్నారు. ఆ చట్టం ఎందుకు అంత గట్టిగా రాశారో నాకు వేరే పుస్తకం చదవనవసరం లేకపోయింది. మక్తబ్‌కు స్థలం జాబితాలో లేని ఊళ్లో చూసుకోవచ్చు. ఏజెన్సీ ఊళ్ల పిల్లలకు మనం చేయగలిగింది ఫీజు, పుస్తకాలు, హాస్టల్ ఖర్చు. వాటికి ఏ నిబంధనా అడ్డు రాదు.

ఇదే మాట వల్ల సర్టిఫికెట్ల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతోంది. సారపాకలోనో భద్రాచలంలోనో పుట్టి పెరిగిన మన పిల్లల తల్లిదండ్రులు, "మాది ఏజెన్సీ, మా వాడికి ఏజెన్సీ సర్టిఫికెట్ ఇప్పించండి, ఐటీడీఏ స్కాలర్‌షిప్ వస్తుంది" అని వస్తుంటారు. ఏజెన్సీలో నివాసం ఒకటి, షెడ్యూల్డ్ తెగకు చెందడం మరొకటి. ఐటీడీఏ పథకాలు రెండోదాన్ని చూస్తాయి. టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు జీవో కూడా నివాసంతో పాటు తెగనూ అడిగింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది, అది వేరే చర్చ. మన పిల్లల్లో ఎక్కువమందికి కావలసింది బీసీ-ఈ ధ్రువపత్రం. 2007 చట్టం 14 వర్గాల వారికి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. దూదేకుల, నూర్‌బాషా వారు బీసీ-బి కిందికి వస్తారు. దొరకని కాగితం కోసం జూన్ నెలంతా తిరిగి, దొరికే కాగితానికి గడువు దాటించుకున్న ఇళ్లు నాకు తెలుసు.

ఇక మాటకు రెండో వైపు చూద్దాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఏజెన్సీకి ఒక అధ్యాయమే ఉంది. 182వ సెక్షన్ ప్రకారం ఇంకొకరి కోసం పని చేయడానికి, లేదా మూడో మనిషి ముందు వారి తరఫున నిలబడడానికి పెట్టుకున్న వ్యక్తి ఏజెంటు, పెట్టుకున్నవాడు ప్రిన్సిపల్. పిల్లలు ఇది వింటే స్కూలు ప్రిన్సిపల్ అనుకుని నవ్వుతారు. ఇక్కడ అసలు మనిషి అని అర్థం. ఏజెంటు తన అధికారం లోపల చేసిన పనికి అసలు మనిషి కట్టుబడాలి. ఏజెంటు అసలు మనిషి చెప్పినట్టే చేయాలి, లెక్క అడిగితే చూపాలి. దీనికి జీతం ఉండి తీరాలన్న నియమం లేదు, 185వ సెక్షన్ ఆ మాట విప్పి చెప్పింది. ఈ లెక్కన చూస్తే ఎరువుల ఏజెన్సీ, రంగుల ఏజెన్సీ చాలావరకు పేరుకే ఏజెన్సీలు. సరుకు తమ డబ్బుతో కొని తమ లాభానికి అమ్ముకునే దుకాణాలవి. ఎన్నికల్లో పోలింగ్ ఏజెంటు మాత్రం నిఖార్సైన ఏజెంటే.

ఈ భావం మనకు కొత్తది కాదు, దానికి మన ఇళ్లలో పాత మాటలే ఉన్నాయి. అరబీలో వకాలా అంటే ఇదే. పని అప్పగించేవాడు మువక్కిల్, పుచ్చుకున్నవాడు వకీల్. నిఖా రోజు అమ్మాయి దగ్గరకు ఇద్దరు సాక్షులతో వెళ్లి ఆమె ఇజాజత్ అడిగే వకీలుకూ, కోర్టులో నల్లకోటు వేసుకునే వకీలుకూ అధికారం ఒకే చోటి నుంచి వస్తుంది, అప్పగించిన మనిషి నోటి నుంచి. కోర్టు కాగితం వకాలత్‌నామా తెలుగులో వకాల్తా అయింది. "వాడి తరఫున నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటావు?" అని మతంతో పని లేకుండా తెలుగువాళ్లందరూ తిట్టుకుంటారు. గుమాస్తా అనే ఫారసీ మాటకూ మొదటి అర్థం నియమించబడినవాడు. ఈస్టిండియా కంపెనీ కాలంలో కంపెనీ తరఫున ఊళ్లలో బట్ట కొనే ఏజెంటు గుమాస్తా. ఇవాళ లెక్కలు రాసే చిరుద్యోగి అయ్యాడు. ఇంగ్లీషు వారు 1611లో మచిలీపట్నంలో పెట్టిన ఫ్యాక్టరీలో యంత్రాలు లేవు. ఫ్యాక్టర్ అంటే వర్తకుడి ఏజెంటు, అతను ఉండే చోటు ఫ్యాక్టరీ. చూశారా, అక్కడ కూడా మనిషి హోదా చోటుకు పేరైంది.

అన్నింటికన్నా నాకు ఇష్టమైనది తరఫు అనే మాట. ఇది అరబీ మాట, వైపు అని అర్థం. బహమనీ సుల్తానులు తమ రాజ్యాన్ని తరఫ్‌లుగా విభజించారు, ఒక్కో దానికి తరఫ్‌దార్‌ను పెట్టారు. అంటే తరఫ్ ఒక ప్రాంతం. అదే మాట తెలుగులో "ఫలానా వారి తరఫున" అయింది. ప్రాంతమూ అదే, ప్రాతినిధ్యమూ అదే. ఇంగ్లీషు వారి ఏజెన్సీలో ఉన్న జంట అర్థం వారికన్నా నాలుగు వందల ఏళ్ల ముందే దక్కనులో తరఫ్‌కు ఉంది. భద్రాచలంలో శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపుతారు. ఆ గుడి కట్టించిన కంచెర్ల గోపన్న కూడా గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా తరఫున పాల్వంచ పరగణాలో శిస్తు వసూలు చేసిన తహశీల్దారే. వసూలైన సొమ్ము ఎవరిది, ఖర్చు పెట్టే అధికారం ఎవరిది అన్న ప్రశ్న మీదే ఆయన చెరసాల కథ నడుస్తుంది. మూడు వందల ఏళ్లుగా ఈ ప్రాంతం ఆ కథ చెప్పుకుంటూనే ఉంది.

అదే ప్రశ్న మన సొసైటీకీ ఉంది. మీరు జకాత్ ఇచ్చినప్పుడు మీరు మువక్కిల్, సొసైటీ వకీల్. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతి ప్రకారం ఆ సొమ్ము సొసైటీ పెట్టెలో ఉన్నంత కాలం మీ జకాత్ ఇంకా తీరినట్టు కాదు, హక్కుదారు చేతిలో పడ్డప్పుడే తీరుతుంది. జకాత్‌కు ఖుర్ఆన్ చెప్పిన ఎనిమిది పద్దులు వేరు, మామూలు సదఖాకు ఉన్న విశాలమైన వాడకం వేరు. మీరు ఏ పద్దు కింద ఇస్తున్నారో రసీదు మీద రాయించకపోతే వకీలుకు చేతులు కట్టేసినట్టే. గది కట్టడానికి జకాత్ వాడలేం, సదఖా వాడొచ్చు. ఈ విషయం తెలియక కొందరు దాతలు, "అంతా ఒకటే కదా, మీ ఇష్టం" అని వెళ్లిపోతున్నారు. మా ఇష్టం మీద వదలకండి. లెక్క అడిగితే సొసైటీ వారు నొచ్చుకోరు. నొచ్చుకుంటే మరీ గట్టిగా అడగండి.

మధ్యవర్తుల ఏజెన్సీల గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మన వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారు కరీంనగర్, నిజామాబాద్ అంత లేకపోయినా ఉన్నారు. వారిని పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కనిపించాలి. సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద పన్ను మాత్రమే తీసుకోవాలి. ఊళ్లో తిరిగి పాస్‌పోర్టులు పోగుచేసే మనిషి ఆ ఏజెన్సీకి ఏజెంటు అని చెప్పుకుంటాడు. రసీదు ఏజెన్సీ పేరు మీద ఇవ్వమంటే చాలాసార్లు మాట మారుస్తాడు, అక్కడే విషయం తెలిసిపోతుంది. ఉమ్రాకు డబ్బు కట్టేటప్పుడు కూడా ఇదే పరీక్ష. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టు మీద వలస అనుమతి అవసరమనే ముద్ర పడదు. పదిలో తప్పి మానేసిన పిల్లలను మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టడానికి ఇదొక్కటే చాలు కారణం. ఇక ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ కింద పనిచేసే వారికి ఒక మాట. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే, పని చేయించుకున్న ఆఫీసును చట్టం ప్రధాన యజమానిగా చూస్తుంది, ఆ జీతం ఇచ్చే బాధ్యత దానిదే. నియామక పత్రం, పీఎఫ్ నంబరు అడిగి దగ్గర పెట్టుకోండి.

చివరగా నా వృత్తి వైపు అర్థం. బీఎడ్‌లో మాకు కుటుంబం, బడి, సమాజం అనేవి విద్యకు ఏజెన్సీలని చెప్పారు. ఇప్పటి విద్యావేత్తలు "విద్యార్థి ఏజెన్సీ" అని ఇంకో అర్థంలో వాడుతున్నారు. తన చదువు గురించి తానే ఆలోచించి, ఎంచుకుని, నడవగలిగే శక్తి అని దానికి అర్థం. ఇంకొకరి తరఫున చేయడం అని మొదలైన మాట, తన తరఫున తానే చేయడం అనే దగ్గరికి వచ్చింది. రసాయన శాస్త్రంలోనూ ఇదే అర్థం ఉంది, ఆక్సీకరణి, క్షయకరణి అని మనం పాఠంలో చెప్పేవి ఇంగ్లీషులో ఏజెంట్లే. తెలుగు వ్యాకరణం ఈ తేడాను ఒక్క అక్షరంతో చూపిస్తుంది. చేశాడు, చేయించాడు. గోపన్న గుడి కట్టించాడు, రాళ్లు మోసినవారు కట్టారు. నేను ఎనిమిదో తరగతికి ప్రేరణ క్రియలు చెప్పేటప్పుడు, "ఫారం నింపాను, ఫారం నింపించాను" అని బోర్డు మీద రాసి, మీ ఇంట్లో ఏది జరుగుతుంది అని అడుగుతాను. తరగతి అంతా రెండోదే అంటుంది.

అది నిజం కూడా. డిగ్రీ ప్రవేశాలకు దోస్త్, డిప్లొమాకు పాలీసెట్ కౌన్సెలింగ్, రెండింటిలోనూ పిల్లలే కాలేజీలు, కోర్సులు వరుసగా ఎంచుకోవాలి. మన ఏజెన్సీ పిల్లల్లో చాలామంది ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి మెమో ఇస్తారు. అక్కడి మనిషి ఐదు నిమిషాల్లో తనకు తోచిన ఆప్షన్లు పెట్టేస్తాడు. పోయిన ఏడాది మనం ఫీజు కట్టిన అమ్మాయిల్లో ఒకామె ల్యాబ్ టెక్నీషియన్ కావాలనుకుని, తెలియకుండానే కామర్స్‌లో చేరింది. ఓటీపీ ఆమె ఫోనుకు రాలేదు. అప్పట్లో ఆధార్‌కు జోడించిన నంబరు ఆ సెంటరు మనిషిది. ఈ వేసవిలో ఫలితాలు వచ్చిన వారం పాటు భద్రాచలంలోనూ ఖమ్మంలోనూ ఒక్కో గదిలో రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టి కూర్చుంటాం. పిల్లలు వారి నంబరుతో వారే నొక్కుతారు, మనం పక్కన ఉంటాం. దీనికి దాతల నుంచి డబ్బు అవసరం పెద్దగా లేదు. కంప్యూటర్ తెలిసిన మీ అబ్బాయిలను, అమ్మాయిలను ఒక్కో రోజు పంపితే చాలు. పేర్లు మే నెల మొదటి వారంలోపు కార్యదర్శి గారికి ఇవ్వండి. ఆధార్‌కు తల్లి నంబరో తండ్రి నంబరో జోడించే పని మాత్రం ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి, మీసేవలో దానికి రోజులు పడుతోంది.